మట్టెలు తీసి ఉరికిన పొద్దు

నేను పరుగు మొదలుపెట్టిన కొత్తలో మా అత్త అడిగిన మాట చెప్పుకొని ఇప్పటికీ ఇంట్లో నవ్వుకుంటాం. ఆ రోజు చెమటతో రొప్పుతూ గేటు తీసుకొని లోపలికి వస్తుంటే ఆమె వాకిట్లో నీళ్లు చల్లుతోంది. నన్ను చూసి చేతిలో చెంబు అలాగే ఆపి, నా వెనుక వీధి వైపు చూసింది.

"ఎవలన్న ఎంటవడ్డరానే?"

"ఎవలు ఎంటవడలే అత్తా. ఊకెనే ఉరికిన."

"ఊకెనే ఎవలన్న ఉరుకుతరా?" అని మళ్లీ వీధి చివరిదాకా ఒకసారి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకున్నాకే మిగిలిన నీళ్లు చల్లింది.

నిజానికి నేను ఊరికే ఉరకలేదు. అంతకు ముందు ఏడు నాకు షుగరు ఉందని తెలిసింది. రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పింది. నడక నాకు కొత్త కాదు. కరీంనగర్‌లో మా కాలనీ ఆడవాళ్లం ఏటా ఒకసారి ఒట్టి కాళ్లతో కొండగట్టు అంజన్న గుడి దాకా నడుస్తాం. అంజన్న దగ్గరికి నడిచినప్పుడు కాళ్లు నొప్పి పుట్టినా ఆ నొప్పి ఆయన చూసుకుంటాడని ధైర్యం. నా ఒంటి కోసం నేను నడవడానికి మాత్రం మొదట్లో సిగ్గుగా ఉండేది. ఇంత పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టకుండా రోడ్డు మీద నాకేం పని అనిపించేది. తర్వాత తెలిసింది, ఆయన ఇచ్చిన ఒళ్లు బాగా చూసుకోవడం కూడా దీపం పెట్టడం లాంటిదేనని. ఆ సంగతి నాకు చెప్పింది పూజారి కాదు, మా మేడ మీద కిరాయికి ఉండే టీచరమ్మ.

ఆ అమ్మాయిది నస్పూర్. నాన్న బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. మొదటి ఉద్యోగం జైనూర్ దగ్గర బడిలో వచ్చిందట. అక్కడ మాట్లాడేవాళ్లు లేక, పొద్దున్నే గుట్టల రోడ్డు మీద ఉరకడం అలవాటు చేసుకుందట. బదిలీ మీద మా ఊరికి వచ్చాక తోడు కావాలని నన్ను పట్టుకుంది. మొదట ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా ఉరికించి, తర్వాత స్తంభం దాకా నడిపించేది. పంజాబీ డ్రెస్సు మీద చున్నీ అడ్డంగా ముడేసుకొని ఉరికేదాన్ని. ఊపిరి అందనప్పుడు ఏం చేయాలో తను ఏదో చెప్పింది గాని నాకు గుర్తుండేది కాదు. నేను మాత్రం ఒక అడుగుకు 'రా', ఇంకో అడుగుకు 'మ' అనుకునేదాన్ని. ఊపిరి దానంతటదే సర్దుకునేది.

ఆ పద్ధతి కూడా నాకు ఇంటి నుంచి వచ్చిందే. నేను బడికి పోలేదు. మా పుట్టింట్లో రెండు పవర్‌లూమ్ మగ్గాలుండేవి. మా అవ్వతో, అంటే అమ్మతో, కూర్చొని నూలు కండెలు చుట్టేదాన్ని. మగ్గం చప్పుడు ఆగినప్పుడల్లా మా బాపు సుద్దముక్కతో నేల మీద ఒక అక్షరం రాసి, దాన్ని చెరిపేలోపు చదవమనేవాడు. నాకు మొదట నేర్పిన రెండక్షరాలు ఆ నామమే. ఈ నాలుగు మాటలు రాసుకోగలుగుతున్నానంటే అది బాపు పెట్టిన భిక్ష.

ఏడాది తిరిగేసరికి స్తంభాల లెక్క పోయి మేమిద్దరం డ్యాం దాకా ఉరికి వస్తున్నాం. వచ్చే చలికాలంలో మా ఊళ్లో పెద్ద పరుగు పెడుతున్నారని, ఇరవై ఒక్క కిలోమీటర్లని, మనిద్దరి పేర్లు ఇస్తున్నానని టీచరమ్మ చెప్పింది. అంత దూరం బస్సులో పోతేనే నేను కిటికీకి తల ఆనించి నిద్రపోతానన్నాను. పేరు మాత్రం వద్దనలేదు.

మా ఆయన మస్కట్‌లో డ్రైవరు. ఆ సంగతి ఫోన్‌లో చెబితే నవ్వి, మా ఊరోళ్లందరికీ చెప్పుకుంటానన్నాడు. తర్వాత బతుకమ్మ పండుగ ఇంకా రాకముందే ఒక పొద్దున ఫోను వచ్చింది. ఆయన ఫోనే గాని గొంతు వేరే. ఆయనతో ఒకే గదిలో ఉండే హుస్నాబాద్ దిక్కు మనిషి. ఛాతీలో నొప్పి వచ్చిందని, దవాఖానలో చేర్పించామని, గుండెకు ఆపరేషన్ చేస్తున్నారని చెప్పాడు. ఫికర్ చెయ్యకు చెల్లే అని ఆ మనిషి పదే పదే చెప్పాడు.

ఆ రోజులు ఎలా గడిచాయో ఇప్పుడు తలుచుకుంటే, మేం గడపలేదు, మమ్మల్ని ఎవరో ఎత్తుకొని దాటించారనే అనిపిస్తుంది. మేం ముఖం కూడా చూడని మనుషులు అక్కడ డ్యూటీలు మానుకొని ఆయన మంచం పక్కన కూర్చున్నారు. ఇక్కడ మా అత్త దేవుడి గూటి ముందు కూర్చుంటే లేచేది కాదు. నేను వండింది ఆమె తినలేదు, ఆమె తినలేదని నేను తినలేదు. ఆఖరికి టీచరమ్మ కిందికి వచ్చి ఇద్దరికీ చిన్నపిల్లలకు పెట్టినట్టు ముద్దలు కలిపి పెట్టింది. ఆ తల్లికి దండం.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆయన సొంత గొంతు విన్న రోజు మా అత్త ఫోన్‌ని కళ్లకద్దుకుంది. నాకు ఫోను ఇచ్చాక ఇంటి సంగతులు అడుగుతాడనుకున్నాను. ఆయన అడిగింది పరుగు గురించి. నేను అదంతా మానేశానని, ఈ పరేషాన్‌లో ఉరుకుడేమిటని అన్నాను.

"మానకు," అన్నాడు. ఒక్కో మాటకు మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "ఉరుకు. అయిపోయినంక ఫోటో పంపు. గీ మంచంల పండుకొని చూస్తానికి నాకు ఇంకేమున్నది?"

ఇంత కాలం సంసారంలో ఆయన నన్ను తన కోసం ఏదీ అడగలేదు. పంపడమే తప్ప అడగడం ఎరగని మనిషి. అందుకే ఆ మాట నాలో నాటుకుపోయింది. పరుగు ఆఖరి గీత దాటి ఆయనకు ఒక ఫోటో పంపాలి. అంతే. నాకు వేరే కోరిక లేదు.

మళ్లీ మొదలుపెట్టాను. దూరాలు పెరిగేకొద్దీ పాత బూట్లు సరిపోవని టీచరమ్మ కొత్తవి తెప్పించింది. నా కాళ్ల వంక చూసి, మట్టెలు తీసేయమని, దూరం పోయేసరికి అవి వేలిని కోస్తాయని చెప్పింది. నావి మూడు చుట్ల వెండి మట్టెలు. పెండ్లినాడు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వేలు వాటికి అలవాటుపడి చుట్టూ కొంచెం పెరిగింది కూడా. ఒట్టి కాళ్లతో కొండగట్టు నడిచినా, చెప్పులేసుకొని బజారంతా తిరిగినా అవి ఉన్నట్టే తెలియదు.

గిన్నెలు సర్దుతున్న మా అత్త ఆ మాట విన్నది. టీచరమ్మ మేడెక్కేదాకా ఆగి నా దగ్గరికి వచ్చింది.

"వాడు గా దేశంల గుండె పట్టుకొని పండుకున్నడు. నువ్వు గీడ మట్టెలు తీస్తవా?"

కోపంతో అన్న మాట కాదది. భయంతో అన్నది. మా మామ పోయిన రోజున నలుగురు ఆడవాళ్లు కూర్చోబెట్టి ఆమె మట్టెలు తీశారు. ఎన్నేళ్లయినా ఆమె కాలి వేళ్లకు ఆ చోట సన్నటి గాడి అలాగే ఉంది. కాళ్లు కడుక్కునేటప్పుడు నేను ఎన్నిసార్లు చూశానో. ఒట్టి వేలు అంటే ఏమిటో ఆ ఇంట్లో ఆమెకే తెలుసు. తీయనని చెప్పాను. ఆమె కోసమే కాదు, నాకూ ధైర్యం లేదు. టీచరమ్మకు తెలియకుండా మట్టె చుట్టూ దూది చుట్టి, మీద సాక్సు తొడుక్కొని ఉరికేదాన్ని. తక్కువ దూరాలకు అది సరిపోయింది. దేవుడు నా వైపే ఉన్నాడనుకున్నాను.

పరుగు రోజు తెల్లవారకముందే లేచి తలస్నానం చేశాను. ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితాన్ని దేవుడి ముందు పెట్టి కుంకుమ బొట్టు పెట్టాను. మైదానంలో మైకులు, పాటలు, చలికి చేతులు రుద్దుకుంటున్న జనం. పోలీసులు, కాలేజీ పిల్లలు, బట్టల దుకాణం సేట్లు. నా ఈడు ఆడవాళ్లు చాలా తక్కువ. జెండా ఊపగానే టీచరమ్మ నా భుజం తట్టి తన వేగంలో తాను పోయింది. అలా పొమ్మని నేనే ముందుగా చెప్పాను.

సగం దూరం నిజంగా పండుగలా గడిచింది. ఊరు దాటి డ్యాం కట్ట ఎక్కేసరికి నీళ్ల మీద మంచు తెరలా ఉంది. ఇంకా పొద్దు పొడవలేదు. నా అడుగుల చప్పుడు నాకే వినబడుతుంటే, ఈ గాలి, ఈ నీళ్లు, చెప్పిన మాట వింటున్న ఈ కాళ్లు, మంచంలో అయినా ఊపిరి తీస్తున్న ఆయన, అన్నీ నాకు ఇచ్చినవాడికి దండం పెట్టుకుంటూ ఉరికాను.

కట్ట దిగి పల్లెల రోడ్డు మీదికి మళ్లాక కుడి కాలి వేలు మొదట చురుక్కుమంది. చెమటకు దూది తడిసి పక్కకు జరిగిందని తెలుస్తూనే ఉంది. కొంతదూరం పోయాక చురుకు పోయి పోటు మొదలైంది. వేలు ఉబ్బింది, మట్టె ఉబ్బలేదు. ప్రతి అడుగుకు దారంతో గొంతు బిగించినట్టు బిగిసేది. 'రా' అనే కాలు బాగుంది, 'మ' అనే కాలు కుంటుతోంది. నన్ను దాటిపోయినవాళ్లు కనుమరుగయ్యారు.

ముందు ఒక పల్లె మొదట్లో నీళ్లిచ్చే టేబులు కనబడింది. దాని పక్కన ఎవరో ముసలామె ఉరికేవాళ్లకు అడ్డంపడి చేతిలో ఏదో పెడుతోంది. దగ్గరికి వెళితే మా అత్త. రానని చెప్పి, నేను ఇల్లు కదలగానే మలీద ముద్దలు చేసుకొని ఆటో పట్టుకొని వచ్చిందట. రొట్టెలు చిదిమి బెల్లం కలిపి, బాగా నెయ్యి పోసి కట్టిన ముద్దలు. ఉత్త నీళ్లు తాగి ఎట్లా ఉరుకుతారు బిడ్డా అని దొరికినవాణ్నల్లా ఆపుతోంది. ఒక పోలీసాయన నోట్లో ముద్ద పెట్టుకొని మాట్లాడలేక చేతులు జోడించి పోతున్నాడు.

నేను కుంటు దాచుకోవడానికి నవ్వాను. ఆమె నా ముఖం చూడలేదు, కాలే చూసింది.

"కూసో."

టేబులు వెనుక ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. బూటు విప్పితే సాక్సు ముందుభాగం ఎర్రగా ఉంది. నీళ్లిచ్చే మనిషి వంగి చూసి, వెనుక బండి వస్తోందని, ఉరకలేనివాళ్లను అందులో ఎక్కించుకుంటారని, ఎక్కేయమని మర్యాదగానే చెప్పాడు. ఒట్టి కాళ్లతో ఉరుకుతానన్నాను. గ్రానైటు లారీలు తిరిగే రోడ్డు అది, అంచుల నిండా రాతి పెచ్చులు. అయినా బూటు విప్పితే తీరే బాధ కాదు. బిగిసింది మట్టె. వేలు కొస నీలంగా మారుతోంది.

మట్టె తీయకపోతే బండి ఎక్కాలి. మంచంలో పడుకొని ఎదురుచూస్తున్న మనిషికి ఏ ఫోటో పంపాలి? తీస్తే, ఆ మనిషి కోసమే కదా అది వేలికి ఉన్నది. ఏం చేయమని అడగడానికి నోరు రాలేదు. కళ్లు మూసుకొని రామా అన్నాను.

కళ్లు తెరిచేసరికి మా అత్త నేల మీద గొంతుకూర్చొని నా పాదాన్ని తన ఒడిలోకి లాక్కుంది. చాలాసేపు వేలినే చూసింది. తర్వాత మలీద ముద్ద ఒకటి చేతిలో నలిపి, అరచేతికి అంటిన నెయ్యిని నా వేలికి రుద్దడం మొదలుపెట్టింది. నేను వద్దనబోయాను.

"నువ్వు నోరు మూస్కో," అన్నది. "వాడు ఉరుకుమన్నడు గదా."

చుట్లను గోటితో విడదీస్తూ, తిప్పుతూ, నా పాణం పోతుందనిపించేలా లాగి తీసింది. తీసిన మట్టెను కొంగున ముడేసుకుంది. ఎడమ కాలిది బాగానే ఉందన్నా వినలేదు. ఒకటి ఉంచి ఒకటి తీస్తారా అని అది కూడా తీసింది. తెల్లగా, ముడతలు పడి, ఏళ్ల తర్వాత మొదటిసారి గాలి తగిలిన నా వేళ్లను చూసి నాకు ఏడుపొచ్చింది.

మట్టె జారిపోయినా, విరిగినా కొత్తది పెట్టేదాకా ఒట్టి వేలితో ఉండకూడదని పసుపు దారం కడతారు మా దిక్కు. మా అత్త అరుగు ఇంటావిడను పిలిచి కొంచెం పసుపు అడిగింది. ఆమె గడపకు పూసే పసుపు ఆకులో వేసుకొని తెచ్చింది. దారం కోసం మా అత్త తన చీర కొంగు చించబోతే, అంచు పోగులు తీయమన్నాను. అంచులో నిలువుగా సాగే పడుగు పోగులు గట్టివి, నాలుగు కలిపి పేనితే తెగవు. కాలు నొస్తున్నా మగ్గం బుద్ధి పోలేదని ఆమె సణిగింది గాని అంచు పోగులే తీసింది. పేని, పసుపులో తడిపి, రెండు దారాలు సిద్ధం చేసింది.

చేసి, నాకు కట్టలేదు. అరుగు ఇంటావిడ వైపు చెయ్యి చాపింది.

"జర నువ్వు కట్టు బిడ్డా. నేను కట్టొద్దు."

ఆ ఇంటావిడకు అర్థమై దారాలు అందుకుంది. మా అత్త రెండు చేతులూ వెనక్కి తీసుకొని, తడి పసుపును చీరకు తుడుచుకుంటోంది. ఇప్పటిదాకా నా వేలి నెత్తురు తుడిచిన చేతులవి.

"నువ్వే కట్టు అత్తా," అన్నాను.

"వద్దు. నా చేతులు మంచియి గావు."

"ఆయనను కన్నది నువ్వు. నీ చేతులు మంచియి గాకుంటే ఎవలయి మంచియి?"

 అరుగు ఇంటావిడ దారాలను మెల్లగా మా అత్త అరచేతిలోనే పెట్టింది. మా అత్త తల వంచుకొని ఉంది, ముఖం కనబడలేదు. వేలికి చిన్న గుడ్డ చుట్టి, మీద దారం తిప్పింది. బూటులో ఒత్తుకోకుండా, తెగిన పోగును అతికేటప్పుడు వేసే చిన్న ముడి వేయమని చెప్పాను. ముడి నాకు నేర్పుతున్నావా అని అన్నది. వేసింది మాత్రం నేను చెప్పినట్టే. ఒక నీటి చుక్క నా పాదం మీద పడింది. అది నా కంటిది కాదు.

అప్పటికి ఆ బండి వచ్చి ఆగింది. వెనుక తలుపు తీసి డ్రైవరు ఎక్కమన్నాడు. మా అత్త లేచి, మలీద సంచి చంకన పెట్టుకుంది.

"ఆమె ఎక్కది. నన్ను ఎక్కించుకో."

నిజంగానే ఎక్కింది. నేను బూటు తొడుక్కొని లేచాను. వేలు నొస్తూనే ఉంది, కానీ గొంతు మీది చెయ్యి తీసినట్టు పోటు తగ్గింది. మొదట నడిచాను, తర్వాత స్తంభం నుంచి స్తంభానికి ఉరికాను. వెనుక బండి మెల్లగా వస్తోంది. కిటికీలోంచి తల బయటపెట్టి మా అత్త డ్రైవరును అదిలించడం వినబడుతోంది, జర మెల్లగ పోనీ, ఆమె మీదికి ఎక్కిస్తవా ఏంది అని. ఆఖరున వచ్చే బండి ఆఖరి మనిషిని దాటకూడదట. ఆ డ్రైవరుకు ఆ నియమం తెలుసో లేదో గాని మా అత్త మాట దాటే ధైర్యం మాత్రం చేయలేదు. ఆయన కూడా ఒక ముద్ద తిన్నాడని తర్వాత తెలిసింది.

మైదానం చేరేసరికి పాటలు ఆగిపోయాయి. గీత మీద గాలి నింపి నిలబెట్టిన తోరణానికి గాలి తీసేస్తున్నారు. ఒక పక్క వాలిపోయింది. టీచరమ్మ దాని గుంజ పట్టుకొని, ఇంకో అక్క ఉంది, వస్తుంది, ఆగండన్నా అని వాళ్లను బతిమాలుతోంది. వాలిన తోరణం కింద తల వంచుకొని గీత దాటాను. వెనుకే మా అత్త బండి దిగి, ఆమె కూడా తల వంచుకొని గీత దాటింది.

మెడలో పతకం వేసి టీచరమ్మ ఫోటో తీసింది. మా అత్త పక్కకు జరగబోతే చెయ్యి పట్టుకొని ఆపాను. ఫోటోలో నేను ఏడ్చినట్టున్నాను, ఆమె కొట్లాడొచ్చినట్టుంది. అలాగే పంపాం. కొద్దిసేపటికే ఆయన వీడియోలో ఫోన్ చేశాడు. బాగా చిక్కిపోయినా ముఖంలో నవ్వుంది. ఫోటోలో అవ్వ ఎందుకుందని అడిగాడు.

మా అత్త ఫోను లాక్కుంది. ఆమెకు దాచుకోవడం రాదు.

"నీ పెండ్లాం మట్టెలు నేనే తీసిన. పసుపు దారం గూడ నేనే కట్టిన. తప్పో ఒప్పో."

అవతల ఆయన ముఖం తెరకు దగ్గరగా వచ్చింది. తెరలో ఆమె చేతుల మీది పసుపు కనబడిందేమో.

"నువ్వు కట్టినంక నాకేమైతదే అవ్వా," అన్నాడు.

మా అత్త ఫోను నాకిచ్చి, మైదానం గోడ పక్కకు పోయి నిలబడింది. మేం అటు పోలేదు.

శివరాత్రికి ముందే ఆయన ఇంటికి వచ్చాడు. మట్టెలను కొంచెం వదులు చేయించి తొడిగాం. ఇప్పుడు మామూలు రోజుల్లో అవే ఉంటాయి. ఆదివారం దూరం ఉరికే పొద్దు మాత్రం వాటిని దేవుడి గూట్లో పెట్టి, మా అత్త ముందు కాళ్లు చాపుకొని కూర్చుంటాను. ఎవలు ఎంటవడ్డరని ఈ ఉరుకుడు అని ఆమె గొణుగుతూనే ఉంటుంది. ఆయన పక్కన చాయ్ తాగుతూ నవ్వుతుంటాడు. పసుపు దారం చేతిలోకి తీసుకున్నాక ఆమె ఇప్పుడు ఎవరినీ పిలవదు. ముడి వేసి, పళ్లతో కొస కొరికి, కాలు మీద ఒక్క దెబ్బ వేస్తుంది. పొమ్మని.